పాత ఎమ్1 గరాండ్ రైఫిల్ పరిశీలన

ఎమ్1 గరాండ్ అమెరికా సంయుక్త రాష్ట్రాల సైన్యం 1936లో స్వీకరించిన అర్ధ స్వయంచాలక రైఫిల్. కెనడాలో జన్మించి అమెరికాలో స్థిరపడిన జాన్ గరాండ్ దీనిని స్ప్రింగ్‌ఫీల్డ్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో రూపొందించాడు. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా మాత్రమే పేలుతుంది. ఖాళీ తొడుగును బయటకు నెట్టి తరువాతి తూటాను లోనికి తెచ్చే పనిని పేలుడు వాయువు చేస్తుంది. ఇందులో .30-06 తూటాలను ఎనిమిదేసి చొప్పున ఒక ఉక్కు క్లిప్పులో అమర్చి వాడతారు. రెండవ ప్రపంచ యుద్ధం, కొరియా యుద్ధాలలో విరివిగా వాడిన ఈ రైఫిల్ స్థానంలో 1957లో ఎమ్14ను ఎంపిక చేశారు. మొత్తం తయారీ సుమారు 54 లక్షలు. అమెరికాలో లక్ష్యాభ్యాసకులు, సేకర్తలు ఇప్పటికీ వీటిని కొంటూ అమ్ముతూ ఉంటారు. కొనే ముందు దీనిని ఎలా పరిశీలిస్తారో ఈ వ్యాసంలో వివరించబడినది.

పైరూపం

ఈ రైఫిల్ విషయంలో పైమెరుపును నమ్మరాదు. యుద్ధాల తరువాత సైనిక కర్మాగారాలు వీటిని విడదీసి, అరిగిన భాగాలను మార్చి, పైపూత కొత్తగా వేసి తిరిగి కూర్చాయి. అందుచేత కొత్తదానివలె కనిపించే రైఫిల్‌లో అరిగిపోయిన బ్యారెల్ ఉండవచ్చును. గీతలు పడిన కర్ర వెనుక చక్కని బ్యారెల్ ఉండవచ్చును.

క్రమసంఖ్య రిసీవర్ మీద మాత్రమే ఉంటుంది. ఇతర ముఖ్య భాగాల మీద ఉండేవి నమూనా చిత్రాల సంఖ్యలు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో స్ప్రింగ్‌ఫీల్డ్, వించెస్టర్, 1950లలో స్ప్రింగ్‌ఫీల్డ్‌తో పాటు ఇంటర్నేషనల్ హార్వెస్టర్, హారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్ వీటిని తయారు చేశాయి. ఒకే రైఫిల్‌లో ఈ సంస్థల భాగాలు కలిసి ఉండటం సర్వసాధారణం, కాల్చేవారికి అది లోపం కాదు. నిజానికి "అన్నీ మొదటి భాగాలే" అని చెప్పి అధిక ధర అడిగే రైఫిల్‌నే ఎక్కువ అనుమానించవలెను. భాగాలను ఇటీవల ఏరి కూర్చి ఉండవచ్చును, కర్ర మీది ముద్రలను నకలు చేయటం కష్టం కాదు.

అతుకు వేసిన రిసీవర్ మాత్రం తీవ్రమైన విషయం. సైన్యం పనికిరావని ముక్కలుగా కోయించిన కొన్ని రిసీవర్లను వర్తకులు కొని, వెల్డింగు చేసి, మళ్ళీ రైఫిళ్లుగా అమ్మారు. కర్రనుండి విడదీసి చూసినపుడు పూత రంగులో తేడా, చిన్న రంధ్రాలు, ఎగుడుదిగుడు ఉపరితలం కనిపిస్తే దానిని కాల్చక నిపుణునికి చూపవలెను.

ఖాళీగా ఉన్నదా?

ఏ పరీక్షకైనా ముందు, గొట్టాన్ని ఎవరూ లేని దిక్కుకు ఉంచి, బోల్టును పూర్తిగా వెనుకకు లాగి, ఛాంబర్‌లో తూటా లేదని కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి నిర్ధారించుకోవలెను. ఈ పనిలో కుడి అరచేతి అంచుతో ఆపరేటింగ్ రాడ్‌ను వెనుకకు పట్టి ఉంచవలెను. లేనిచో తూటాలను పైకి నెట్టే పలక కిందికి నొక్కుకున్నప్పుడు బోల్టు ఒక్కసారిగా ముందుకు దూకి వేలిని నలిపివేస్తుంది. దీనికి "గరాండ్ బొటనవేలు" అని పేరే వచ్చింది!

బ్యారెల్

బ్యారెల్ రెండు చోట్ల అరుగుతుంది. తూటా వెలువడే చోట, అనగా ఛాంబర్‌కు ముందున్న కంఠంలో, వేడి వాయువు లోహాన్ని తినివేస్తుంది. రెండవది మూతి. గరాండ్‌ను వెనుకనుండి తుడిచే వీలు లేదు. కడ్డీని మూతి నుండే దూర్చవలెను. ఏళ్ళ తరబడి సైనికులు ఉక్కు కడ్డీలతో తుడవటం వలన మూతి దగ్గరి గాడుల అంచులు అరిగాయి. గుండు బ్యారెల్‌ను వదిలేది అక్కడే కనుక గురి ఎక్కువగా దెబ్బతినేది దీనివలననే.

రెండింటికీ కొలత సాధనాలు ఉన్నాయి. సాధనం ఎంత లోతుకు దిగితే అంత అరిగినట్లు. లక్ష్యాభ్యాసాన్ని ప్రోత్సహించే సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ సంస్థ తన "సర్వీస్" శ్రేణి రైఫిళ్లకు మూతి కొలత 3 లేదా అంతకంటే తక్కువ, కంఠం కొలత 5 కంటే తక్కువ అని ప్రమాణంగా పెట్టుకున్నది. సాధనం లేనివారు నకలు తూటాను మూతిలో తలకిందులుగా పెట్టి, ఇత్తడి తొడుగు అంచు మూతికి ఎంత దగ్గరగా వస్తుందో చూస్తారు. అంచు మూతిని తాకేదాకా తూటా దిగిపోతే బ్యారెల్ బాగా అరిగినట్లే. ఇది స్థూలమైన అంచనా మాత్రమే.

1950ల తొలి సంవత్సరాల వరకు సైనిక .30-06 తూటాలలో తుప్పు కలిగించే ప్రైమర్లు ఉండేవి. కాల్చిన తరువాత నీటితో కడగకపోతే మిగిలిన ఉప్పు తేమను పీల్చి గుంటలు చేస్తుంది. మురికిని శుభ్రంగా తుడిచిన తరువాతే లోపలి గాడులను దీపపు వెలుతురులో చూడవలెను.

ఛాంబర్ లోతును హెడ్‌స్పేస్ సాధనాలతో పరీక్షిస్తారు. 1.940 అంగుళాల సాధనం మీద బోల్టు మూసుకోవలెను. 1.950 అంగుళాల "ఫీల్డ్" సాధనం మీద మూసుకుంటే రైఫిల్‌ను కాల్చరాదు. తొడుగు చిట్లి వాయువు కాల్చేవాని ముఖం వైపు వచ్చే ప్రమాదమున్నది.

కదిలే భాగాలు

ఆపరేటింగ్ రాడ్ స్ప్రింగును తీసివేసి రైఫిల్‌ను పైకి, కిందికి వంచినపుడు రాడ్, బోల్టు తమ బరువుకే జారవలెను. మధ్యలో పట్టుకుంటే రాడ్ వంగి ఉండవచ్చును. అయితే ఈ రాడ్‌ను తయారీలోనే వంపుతో చేశారు కనుక, వంపును చూసి లోపమని భావించరాదు. తొలినాటి రాడ్‌లలో ఒక మూల పగుళ్ళు వచ్చేవి. తరువాత ఆ చోట గుండ్రని కోత పెట్టి సరిచేశారు.

ట్రిగ్గర్ గార్డును మూసేటపుడు చివరలో కొంత బలం కావలెను. తేలికగా మూసుకుంటే కర్ర నలిగి వదులైనదని అర్థం. ఇది ప్రమాదం కాదు గాని గురి నిలకడగా ఉండదు.

ఖాళీ రైఫిల్‌తోనే సేఫ్టీని పరీక్షించవలెను. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ లాగి వదలి, ఆపై సేఫ్టీ తీసినా సుత్తి పడరాదు. తరువాత ట్రిగ్గర్ లాగి పట్టుకొని బోల్టును ఒకసారి వెనుకకు లాగి వదిలినపుడు కూడా సుత్తి నిలిచియే ఉండవలెను. బోల్టు వెంటే పడిపోతే ఆ రైఫిల్ ఒక్క నొక్కుకు రెండు తూటాలు పేల్చగలదు.

ఫైరింగ్ పిన్నుకు స్ప్రింగు లేదు. బోల్టు పూర్తిగా మూసుకోకముందే అది ప్రైమర్‌ను తాకకుండా రిసీవర్‌లోని అడ్డుకట్ట ఆపుతుంది. ఆ అంచు అరిగిన రైఫిల్ ఎంత అందమైనదైనా వదలివేయటమే మేలు.

చట్టం

అమెరికాలో లైసెన్సు గల వర్తకుడు 1998 నుండి ఎఫ్‌బీఐ తనిఖీ వ్యవస్థ ద్వారా కొనుగోలుదారుని నేపథ్యాన్ని చూడవలెను. వ్యక్తుల మధ్య అమ్మకపు నియమాలు రాష్ట్రాన్ని బట్టి మారుతాయి. పైన చెప్పిన సంస్థ చట్టం ప్రకారం అమెరికా పౌరులకు మాత్రమే రైఫిళ్లు అమ్మగలదు. హెచ్1బి వంటి తాత్కాలిక వీసాపై ఉన్న తెలుగువారు గమనించవలసినది ఏమనగా, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, వారు తుపాకిని కలిగి ఉండటమే ఫెడరల్ నేరం. గ్రీన్‌కార్డు గలవారికి ఈ నిషేధం వర్తించదు. భారతదేశంలో ఇటువంటి అర్ధ స్వయంచాలక రైఫిళ్లు 2016 ఆయుధ నియమావళి ప్రకారం నిషిద్ధ శ్రేణిలో ఉన్నాయి. సాధారణ లైసెన్సుతో వీటిని కొనటానికి వీలు లేదు.