బల్ల కొసన కూర్చున్నవారు

మన తెలుగు ఇండ్లలో ఆసనములకు ఎన్నడును కొదువ లేదు. భోజనమునకు పీట, వధూవరులకు పెండ్లిపీటలు, వంటింటిలో కూరలు తరుగుటకు కత్తిపీట, వచ్చినవారికి చాప, వృద్ధులకు నులకమంచము, వీధివాకిట అరుగు. ఇన్ని యున్నను, నలుగురు ప్రక్కప్రక్కన కూర్చుండుటకు వీలైన పొడుగు బల్ల మాత్రము మన ఇండ్లలోనికి చాల ఆలస్యముగా వచ్చినది. పీట ఒక్కరి ఆసనము. అరుగుపై పదిమంది కూర్చుండవచ్చును గాని, అది ఇంటితో కలిపి కట్టినది. ఇంటి యజమాని మర్యాదను బట్టి అక్కడ ఎవరు కూర్చుండవలెనో, ఎవరు క్రింద నిలువవలెనో నిర్ణయమయ్యెడిది. బల్ల అట్లు కాదు. దానిపై ఒకరి చోటును మరియొకరి చోటునుండి వేరుచేయు గీత లేదు. చదునైన నేలను మనము ‘బల్లపరుపు’ అందుము. ఆ మాటలోనే దాని గుణమంతయు నున్నది.

ఈ సామాన్య వస్తువునకు చరిత్ర యేమున్నదని కొందరు అడుగవచ్చును. నాలుగు కాళ్లు, ఒక పలక, అంతే గదా! కాని ఆ పలకపై ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండిరి, దానిని ఎవరు చేసిరి అను రెండు ప్రశ్నలు వేసికొన్నచో, మన సంఘచరిత్రలో రెండు శతాబ్దముల కథ కన్నుల ముందు నిలుచును.

మొదట వీధిబడికి పోవుదము. 1822వ సంవత్సరమున చెన్నపట్టణపు గవర్నరు సర్ థామస్ మన్రో తన ఏలుబడిలోని జిల్లాలలో బడులెన్ని, చదువువారెందరు అని విచారింప నుత్తరువు చేసెను. బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో సమాధానము పంపెను. ఈయన తెలుగు నేర్చి, 1816లోనే తెలుగు వ్యాకరణమును ఆంగ్లమున ప్రకటించిన వాడు. ఆయన లెక్క ప్రకారము ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. తెలుగు బడులు 226.

ఆ నివేదికలో బడి తీరు కన్నులకు కట్టినట్లుండును. పిల్లలు నేలపై కూర్చుండి, ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దెడివారు. ఆ తరువాత వారి చేతికి పలక వచ్చెడిది. అది సుమారు అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు గల చెక్క. దానిని నున్నగా చేసి, అన్నమును బొగ్గుపొడిని కలిపి పూసెడివారు. గంజి పెట్టిన బట్టను మడతలు పెట్టి, నల్లని పూత పూసి చేసిన కడితము మరియొక సాధనము. ఇక్కడ నొక విశేషమును గమనింపవలెను. అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు గల చెక్కకు నాలుగు కాళ్లు తగిలించినచో అది చక్కని చిన్న బల్ల యగును. కాని మన బడిలో చెక్క ఉండినది వ్రాయుటకే. కూర్చుండుటకు నేలయే చాలెను.

అప్పటికే ఆ ఇసుక సముద్రము దాటిపోయి యుండెను. చెన్నపట్టణమున ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమమునకు 1789లో పెద్దగా నియుక్తుడైన ఆండ్రూ బెల్, దేశీయపు బడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టెను. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పు పద్ధతిని కూడ జతచేసి, 1797లో లండనులో దానిని గూర్చి పుస్తకము ప్రకటించెను. కొలది యేండ్లలో ఇంగ్లండులోని బీదపిల్లల బడులలో వరుస బల్లల ముందు ఇసుక పోసిన మేజాలు వెలసెను. మన ఇసుక అటు పోయెను. వారి బల్ల ఇటు వచ్చెను. ఇంగ్లీషు చదువుతోపాటు వచ్చినందుననే అది ‘బెంచీ’ అను పేరుతోనే స్థిరపడెను. పాఠము రాని వానిని ‘బెంచీ ఎక్కించుట’ మన బడిపిల్లలకు తెలిసిన శిక్ష యయ్యెను. ఇటాలియను భాషలో బల్ల పేరే వడ్డీవ్యాపారుల బల్లల మూలమున ‘బ్యాంకు’ అయినది. అనగా మనము డబ్బు దాచుకొను చోటు పేరును ఒకనాటి బల్లయే.

బల్ల వచ్చినంతమాత్రమున అందరును దానిపై కూర్చుండిరా? లేదు. ఇచ్చటనే కథ కఠినమగుచున్నది. డాక్టర్ అంబేద్కర్ తన బాల్యమును గూర్చి స్వయముగా వ్రాసిరి. సతారా బడిలో ఆయన తోటి పిల్లల నడుమ కూర్చుండరాదు. ఒక మూల వేరుగా గోనెపట్టాపై కూర్చుండవలెను. బడి ఊడ్చు నౌకరు ఆ పట్టాను ముట్టడు గనుక, సాయంకాలము దానిని చుట్టుకొని ఇంటికి తీసికొనిపోయి, మరునాడు మరల తెచ్చుకొనవలెను. రాజ్యాంగరచనకు పూనుకొన్న మహామేధావికి బడి ఇచ్చిన ఆసనమది. మన హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మగారు ఆది హిందువుల పిల్లలకై ప్రత్యేక పాఠశాలలు స్థాపించుటకు పూనుకొనుట ఊరక జరుగలేదు. ఉన్న బడులలో ఆ పిల్లలకు చోటు దొరకకుండుటయే దానికి మూలము. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగములోని 17వ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసెను. 1955లో దానిని నేరముగా శిక్షించు చట్టమును వచ్చెను. శాసనము తలుపు తెరచెను. బల్లపై జరిగి చోటిచ్చుట మాత్రము మనుష్యులు చేయవలసిన పని.

ఇక రెండవ ప్రశ్న: బల్లను ఎవరు చేసిరి? మన గ్రామములలో కొయ్యపని వడ్రంగిది. నాగలి, బండి, ద్వారబంధము, ఊయల, పాడె కట్టె వరకు ఆయన చేతిమీదుగా పోవలసినదే. పంటకాలమున కళ్లములో ధాన్యము కొలిచి ఇచ్చుట ఆయనకు ప్రతిఫలము. ఈ కట్టుబాటు వలన పనితనము తరతరములుగా నిలిచినది. కాని చదువుకొన్నవాడు బాడిస పట్టుట నామోషీ అను భావమును బలపడినది. చదువొక దిక్కు, చేతిపని ఒక దిక్కు అయిపోయెను. 1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో జరిగిన విద్యాసభలో గాంధీజీ ఈ గోడను పడగొట్ట దలచిరి. డాక్టర్ జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము చేతిపని మూలముగా చదువు చెప్పవలెనని ప్రణాళిక రచించెను. నూలు వడకుటతోపాటు వడ్రంగమును అందు చేరెను. ఆ విద్య తలచినంతగా వ్యాపింపకపోయినను, ఎవరి కులమేదైనను పిల్లవాడు రంపము పట్టవచ్చునను మాట అప్పుడు చెప్పబడెను.

ఆ మాటను మా తాతగారు విన్నారో లేదో మాకు తెలియదు. 1980వ దశకమున, మా చిన్నతనములో, గాలివానకు పెరటి వేపచెట్టు కూలినప్పుడు ఆయన దానిని కట్టెలకు అమ్మక, కోత మిల్లులో పలకలు కోయించిరి. పచ్చి చెక్క ఆరునప్పుడు వంకర తిరుగును, పగులును. అందువలన పలకల నడుమ పుల్లలు ఉంచి, ఎండ తగులక గాలి ఆడు చోట గడ్డివాము పంచన ఏడాదికి పైగా పేర్చి ఉంచిరి. వేపచెక్కకు పురుగు అంతగా పట్టదు. ఊరి వడ్రంగి మేస్త్రిగారు తమ పనిముట్లు అరువిచ్చి, ప్రక్కన కూర్చుండి పని నేర్పిరి.

నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు, ఒకటిన్నర అంగుళముల మందము గల పలక. మోకాటి ఎత్తున, అనగా పదునెనిమిది అంగుళములుగా, కాళ్లు. కాలి పైకొనను నాలుకవలె చెక్కి, పలకలో అదే కొలతకు ఉలితో రంధ్రము తొలిచి, కాలిని దిగగొట్టిరి. పైకి వచ్చిన కొనను రంపముతో కొంత చీల్చి, అందు చిన్న కొయ్య చీలిక బిగించిరి. ఆ చీలిక పలక పొడవునకు అడ్డముగా నిలువవలెను. పొడవు వెంట నిలిచినచో పలకయే బ్రద్దలగును. మేకు ఒక్కటియు వాడలేదు. బల్ల కుంటుచున్నచో కంటి అంచనాతో ఒక కాలు కోయరాదని మేస్త్రిగారు హెచ్చరించిరి. బల్లను చదునైన చోట నిలిపి, పొట్టి కాలి క్రింద సన్నని చెక్క పెట్టి కదలకుండ చేసి, ఒకే ఎత్తున నాలుగు కాళ్లకును గీత గీసి, ఆ గీత వెంట కోయవలెను.

ఆ సాయంకాలము వాకిట రేడియో ముందు ఆ బల్ల వేసిరి. వ్యవసాయ కార్యక్రమము వినుటకు ఇరుగుపొరుగు వచ్చిరి. మా పొలములో చిరకాలము పనిచేసిన వృద్ధ పాలేరు ఎప్పటివలె నేలపై కూర్చుండబోగా, తాతగారు పట్టుబట్టి బల్లపై కూర్చుండబెట్టిరి. ఆయన సంకోచముతో, ఎవరికిని తగులకుండ, చిట్టచివరి కొసన కూర్చుండెను. కార్యక్రమము ముగిసి తక్కినవారు లేచినంతనే బల్ల ఆ కొసకు తలక్రిందై ఆయన క్రింద పడెను. అందరు నవ్విరి. మేమును నవ్వితిమి. తాతగారొక్కరే నవ్వలేదు. ఆయనను లేవదీసి, “తప్పు నీది కాదురా, బల్లది. బల్ల చేసిన నాది” అనిరి.

తప్పు నిజముగా బల్లదే. అందమునకని తాతగారు కాళ్లను పలక నడిమికి దగ్గరగా అమర్చిరి. కాళ్లకు వెలుపల కూర్చున్నవాని బరువునకు ఎదుటి కొస పైకి లేచును. నడుమ కూర్చున్నవారికి ఆ లోపము ఎన్నటికిని తెలియదు. కొసన కూర్చున్నవాడే పడును. మరునాడు తాతగారు కాళ్లు ఊడదీసి, కొసలకు చేరువగా క్రొత్త రంధ్రములు తొలిచి, కాళ్లు క్రిందికి పోను పోను వెలుపలికి చాచియుండునట్లు బిగించిరి. పాత రంధ్రములను కొయ్యముక్కలతో పూడ్చిరి. సాయంకాలము పాలేరును పిలిచి, ఆ కొసనే మరల కూర్చుండుమనిరి. బల్ల కదలలేదు.

ఆ బల్ల మా ఇంట నేటికిని ఉన్నది. పూడ్చిన నాలుగు మచ్చలును పలకపై కనబడుచునే యున్నవి. మీలో ఎవరైన సెలవు దినములలో ఇంట బల్ల చేయ బూనినచో పలక ఏ చెక్కదైనను ఫరవాలేదు, నునుపు కొంత తగ్గినను ఫరవాలేదు. కాళ్లు అమర్చుటకు ముందు మాత్రము, దాని కొసన ఎవరు కూర్చుందురో ఒకమారు తలచుకొనుడు.