శాస్త్రలోకమున గ్రంథచౌర్య నివారణ

పెట్టెలోని సొమ్మును దొంగ ఎత్తుకొనిపోయినచో పెట్టె ఖాళీ అగును. సొంతదారునకు వెంటనే తెలియును. ఆలోచన సంగతి అట్లు కాదు. దొంగిలించిన తరువాత కూడ అది మొదటివాని వద్దనే ఉండును. కాని రెండవవాని పేరు మీద చెలామణి అగును. అది ముందు ఎవరికి తట్టినదో తేల్చుట ఎట్లు? ఈ ప్రశ్న శాస్త్రజ్ఞులను నాలుగు వందల ఏండ్లుగా వేధించుచున్నది.

మొదట వారికి తోచిన ఉపాయము దాచుట. 1610లో గెలీలియో దూరదర్శినితో చూడగా శనిగ్రహమునకు ఇరుప్రక్కల రెండు చిన్న గోళములున్నట్లు కనిపించెను. చెప్పినచో మరొకరు తమదనవచ్చును; చెప్పకున్నచో మరొకరు ముందుగా ప్రకటింపవచ్చును. కనుక ఆయన ఆ సంగతిని లాటిన్ భాషలో ఒక వాక్యముగా వ్రాసి, అందలి 37 అక్షరములను తారుమారు చేసి పంపెను. కెప్లర్ ఆ చిక్కు విప్పబోయి, కుజునకు రెండు ఉపగ్రహములున్నవని దాని అర్థముగా భ్రమించెను! అట్లే రాబర్ట్ హుక్ తన స్ప్రింగు సూత్రమును 1676లో 14 అక్షరముల చిక్కుముడిగా అచ్చువేయించి, 1678లో గాని విప్పలేదు. “సాగుదల ఎంతో బలము అంత” అనునదే ఆ సూత్రము. హుక్ హక్కు భద్రముగనే ఉన్నది. కాని ఆ రెండేండ్లును ఆ అక్షరముల వలన లోకమునకు కలిగిన జ్ఞానము లేదు.

లండనులోని రాయల్ సొసైటీ కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ దీనికి భిన్నమైన మార్గము త్రొక్కెను. 1665 మార్చిలో ఆయన ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ అను పత్రికను ప్రారంభించెను. కనుగొన్న విషయమును తేదీతో నమోదు చేసి పదిమందికి చాటినచో, ఆ పదిమందియే సాక్షులగుదురు. దాచుట కంటె చాటుటయే మంచి కాపలా అని తేలెను. నేడు పరిశోధన పత్రములపై కనిపించు ‘అందిన తేదీ’ వెనుక ఉన్నది ఈ తలంపే.

చాటకున్నచో ఎంత ముప్పో న్యూటన్ కథ చెప్పును. 1665-66 ప్రాంతముననే కలనగణితమును కనిపెట్టియు ఆయన ప్రచురింపలేదు. లైబ్నిట్జ్ తన పద్ధతిని 1684లో ప్రకటించెను. ఎవరిది ముందు అను తగవును 1712లో రాయల్ సొసైటీ సంఘము న్యూటన్ పక్షముననే తీర్చెను. ఆ సొసైటీకి అధ్యక్షుడు న్యూటనే. ఆ నివేదికను వ్రాసినదియు ఆయనే! ఇద్దరును స్వతంత్రముగనే కనిపెట్టిరని నేటి చరిత్రకారుల నిర్ణయము. కాని లైబ్నిట్జ్ దొంగ అను నిందను మోయుచునే 1716లో కన్నుమూసెను.

పత్రికలు వేలకు పెరుగగా మనుష్యుల కన్ను చాలలేదు. 2008లో ప్రచురణకర్తల సంఘమైన క్రాస్‌రెఫ్ ‘క్రాస్‌చెక్’ అను ఏర్పాటు చేసెను. కంప్యూటరు క్రొత్త వ్యాసమును చిన్న చిన్న పదసమూహములుగా విడదీసి, నిలువయున్న వ్యాసములతో పోల్చి, పోలిక ఎంత శాతమో చెప్పును. మన దేశమున యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2018లో చేసిన నిబంధనలలో 10 శాతము వరకు పోలికకు శిక్ష లేదు. 60 శాతము మించినచో పరిశోధక విద్యార్థి నమోదు రద్దగును. ఎవరిదో చెప్పి ఉదహరించిన మాటలు ఈ లెక్కలోనికి రావు.

అయితే యంత్రము కొలుచునది మాటల పోలికనే. మాటలు మార్చి భావమును కాజేసినవాడు దానికి చిక్కకపోవచ్చును. సామాన్య వాక్యములు వ్రాసిన నిర్దోషి చిక్కవచ్చును. తుది తీర్పు ఆ శాస్త్రము తెలిసి, రెండు వ్యాసములను చదివిన మనిషిదే. ఆ తీర్పు అవసరము రాకుండ చేయగలవాడు మాత్రము వ్రాయువాడొక్కడే: ఎవరి వద్ద ఏమి తీసికొనెనో పేరుతో చెప్పిన చాలును.