పేలని బాంబులు: ప్రాధాన్యం, నమోదు (బ్రిటన్, 1939–45)

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ మీద జర్మన్ విమానాలు వేసిన బాంబుల్లో సుమారు పదింట ఒకటి పేలలేదు. కొన్ని తయారీ లోపం వల్ల పేలలేదు, కొన్నిటిని ఆలస్యంగా పేలేటట్టే చేశారు. రెండో రకమే అసలు చిక్కు. పేలిన బాంబు ఒక గోడౌనును కూలిస్తే, పేలకుండా నేలలో దిగిన బాంబు ఆ పక్కనున్న రైలు మార్గాన్ని, కర్మాగారాన్ని, వీధి వీధినే రోజుల తరబడి మూయించేది. దేన్ని ముందు తీయాలి, తీసినదాని గురించి ఏం రాసిపెట్టాలి అన్న పద్ధతి ఈ ఒత్తిడిలోనే పుట్టింది.

పని మూడు సాయుధ దళాల మధ్య పంపకమైంది. పారాచ్యూట్‌తో దిగే మైన్లు నౌకాదళానికి, విమానాశ్రయాలు, కూలిన విమానాలు వైమానిక దళానికి, మిగిలినవన్నీ సైన్యంలోని రాయల్ ఇంజనీర్లకు వచ్చాయి. 1940 మే నెలలో చిన్న చిన్న సెక్షన్లుగా మొదలైన ఈ దళాలను దాడులు ముదిరాక కంపెనీలుగా కూర్చారు. ఆ సెప్టెంబరుకు వేలకొద్దీ బాంబులు వంతు కోసం ఎదురుచూస్తున్నాయి.

బాంబు పడిన చోటును ముందు చూసేది పోలీసో, వైమానిక దాడుల రక్షణ (ఏఆర్‌పీ) వార్డెనో. ఆ కబురు ప్రాంతీయ కమిషనర్ కార్యాలయానికి చేరేది. ప్రాధాన్యం తేల్చేది అక్కడే, అంటే పౌర యంత్రాంగమే. సైన్యం ఆ వరుస ప్రకారం గుంత తవ్వేది. గుంత దగ్గర ప్రాణం పెట్టేవాడు ఒకడు, ఆ ప్రాణం పెట్టడం ఎంత అవసరమో తేల్చేవాడు ఇంకొకడు. ఇది క్రూరంగా కనిపించినా, ప్రతి అధికారీ తన ఎదుటి బాంబే అతి ముఖ్యమని పరిగెత్తకుండా ఆపింది ఈ ఏర్పాటే.

వర్గాలు నాలుగు: ఏ, బీ, సీ, డీ. విద్యుత్ కేంద్రం, ఆయుధ కర్మాగారం, ప్రధాన రైలు మార్గం లాంటి చోట పడితే ‘ఏ’. దానికి ఆగడమన్నది లేదు, మనుషులకు ముప్పున్నా తీయాల్సిందే. ఇందులోనే మరో ప్రశ్న ఉండేది: ఉన్నచోటే పేల్చేస్తే ఆ నష్టాన్ని భరించగలమా, లేదా? ‘బీ’ అంటే తొందరే గానీ ప్రత్యేకంగా ప్రాణాపాయానికి తెగించనక్కర్లేదు. ‘సీ’కి వెంటనే కదలనక్కర్లేదు. ఖాళీ పొలంలో పడ్డదాని లాంటివి ‘డీ’, తీరిక దొరికినప్పుడు చూసుకోవచ్చు.

ఈ అక్షరాల వెనక ఒక గడియారం ఉంది. బాంబును పేల్చే జర్మన్ విద్యుత్ ఫ్యూజుల తల మీద ఒక వలయంలో అంకె ముద్రించి ఉండేది. 15 అంటే తగలగానే పేలేది. 17 అంటే లోపల గడియారం తిరిగేది, దాదాపు మూడు రోజుల దాకా ఆలస్యం. 50 అంటే కదిపితే పేలేది. ఒకే బాంబులో 17నూ 50నూ పక్కపక్కన పెట్టడం శత్రువు ఎత్తు: ఆగితే గడియారం, ముట్టుకుంటే కంపనం. అందుకే ‘ఏ’ కాని వాటిని 96 గంటలు అలా వదిలేసేవారు. ‘ఏ’కి ఆ నాలుగు రోజులు దక్కేవి కావు. 1940 సెప్టెంబరు 12న లండన్ సెయింట్ పాల్ చర్చి దగ్గర నేలలోకి దిగిన బాంబు కోసం లెఫ్టినెంట్ రాబర్ట్ డేవిస్ దళం మూడు రోజులు తవ్వింది. అక్కడ పేల్చే మాటే లేదు. 15న బయటికి లాగి, లారీలో హాక్నీ మార్షెస్‌కు తీసుకెళ్లి పేల్చారు. డేవిస్‌కూ, దళంలోని సాపర్ (ఇంజనీర్ల దళపు సిపాయి) జార్జ్ వైలీకీ జార్జ్ క్రాస్ అనే సాహస పతకం వచ్చింది.

ఇక నమోదు సంగతి. రాయడం ఇక్కడ గుమాస్తా పని కాదు. కొత్త రకం ఫ్యూజు ముందు కూర్చున్న అధికారి, తాను చేయబోయే ప్రతి పనినీ చేయకముందే పైకి చెప్పేవాడు. కాస్త దూరంలో ఉన్నవారు రాసుకునేవారు. అతను పోతే, ఎక్కడ తప్పిందో తర్వాతివాడికి తెలియాలి కదా. బాంబులను నిర్వీర్యం చేసే పనిలో ఉన్న సఫోక్ ఇరవయ్యో ఎర్ల్ చార్లెస్ హోవర్డ్ మాటలను అలా రాసుకున్నది ఆయన సెక్రటరీ బెరిల్ మోర్డెన్. 1941 మే 12న ఎరిత్ మార్షెస్‌లో బాంబు పేలి ఆయనా, ఆమే, డ్రైవర్ ఫ్రెడ్ హార్డ్స్, మరికొందరూ చనిపోయారు. బాంబు శాస్త్రం రాసిన చేతుల్లో ఒకటి అలా ఆగిపోయింది.

కంపెనీ స్థాయిలో సైన్యపు వార్ డైరీ ఉండేది. సీ.2118 అనే ఫారం మీద చోటు, తేదీ, గంట, జరిగినదాని సారాంశం రాసేవారు. పేలినవాటినీ పేలనివాటినీ కలిపి దేశవ్యాప్తంగా లెక్కగట్టింది వేరే వ్యవస్థ, హోం సెక్యూరిటీ మంత్రిత్వ శాఖ నడిపిన బాంబ్ సెన్సస్. 1940 శరత్కాలంలో కొన్ని నగరాల్లో మొదలై మరుసటి ఏడు దేశమంతటికీ పాకింది. దాని పటాలు ఇప్పుడు బ్రిటన్ జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి.

రికార్డుల్లో ‘వదిలేసినవి’ అన్న మాట కూడా కనిపిస్తుంది. మెత్తటి నేలలో బాంబు పక్కకు తిరిగి లోతుకు జారిపోయేది. తవ్వకం ప్రమాదమనో, దండగనో తోచినప్పుడు చోటు రాసి వదిలేశారు. కట్టడాలకు పునాది తవ్వే కంపెనీలు నేటికీ ఆ కాగితాలను తిరగేస్తాయి. అన్నీ కాగితాల్లో ఉండవు. 2021 ఫిబ్రవరిలో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పక్కన పనివాళ్లకు 1,000 కిలోల బాంబు దొరికితే ఉన్నచోటే పేల్చారు, చుట్టుపక్కల ఇళ్లు దెబ్బతిన్నాయి. 2024లో ప్లిమత్‌లో ఒక పెరట్లో దొరికిన 500 కిలోల బాంబును మాత్రం జనాన్ని ఖాళీ చేయించి, సైనిక వాహనంలో వీధుల మీదుగా రేవుకు తీసుకెళ్లి సముద్రం పాలు చేశారు.