‘చెత్త’ డి.ఎన్.ఏ. - ఒక పేరు చరిత్ర

మనిషి జన్యురాశిలో సుమారు 300 కోట్ల అక్షరాలున్నాయి. ప్రోటీన్ల తయారీకి సూచనలిచ్చేవి అందులో 2 శాతం లోపే. మరి మిగతా 98 శాతం ఏం చేస్తోంది? ఈ ప్రశ్నకి వచ్చిన జవాబుల చరిత్ర మనం చదవాలి. ‘పనికిరానిది’ అనే ముద్ర ఎలా పడుతుందో, అది ఎవరి ప్రాణం మీదికి వస్తుందో ఇందులో ఉంది.

1972లో కాలిఫోర్నియాలో పనిచేస్తున్న సుసుము ఓనో మన డి.ఎన్.ఏ.లో చాలా భాగం ‘చెత్త’ అని రాశాడు. ఆయనది తిట్టు కాదు, లెక్క. తరతరానికీ డి.ఎన్.ఏ.లో మార్పులొస్తాయి. ప్రతి అక్షరమూ అవసరమైనదే అయితే ఆ నష్టాన్ని ఏ జాతీ తట్టుకోలేదు. ఈ వాదనని ఇప్పటికీ తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. చిక్కల్లా పేరుతోనే వచ్చింది. ‘చాలా భాగం’ అన్నది కాస్తా వాడుకలో ‘అంతా’ అయిపోయింది.

నిజానికి 1961లోనే పారిస్‌లో జాకబ్, మోనో బాక్టీరియాలో ఒక సంగతి చూపించారు. ప్రోటీన్ తయారు చెయ్యని ముక్కలే జన్యువులు ఎప్పుడు పనిచెయ్యాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయిస్తాయి. అంతకు ముందే బార్బరా మెక్‌క్లింటాక్ మొక్కజొన్నలో చోటు మారే ముక్కల్ని కనిపెట్టింది. ఆమెకి నోబెల్ వచ్చింది 1983లో. మన డి.ఎన్.ఏ.లో దాదాపు సగం అలాంటి ముక్కల అవశేషాలే.

2012లో ఎన్‌కోడ్ అనే అంతర్జాతీయ పరిశోధన రెండో కొసకి పోయింది. 80 శాతానికి ఏదో ఒక పని ఉందని ప్రకటించింది. విమర్శకులు ఊరుకోలేదు. కణంలో ఏదో కదలిక కనిపించినంత మాత్రాన అది శరీరానికి అవసరమైన పని అయిపోదన్నారు. ఉల్లిగడ్డకి మనకన్నా అయిదింతల డి.ఎన్.ఏ. ఉంది. అదంతా అవసరమేనా? పరిణామం జాగ్రత్తగా కాపాడుకొచ్చిన భాగం 8 శాతం చిల్లర అని 2014లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు లెక్కకట్టారు. అంటే ప్రోటీన్లకి పనికొచ్చే దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువే, కానీ అంతా కాదు.

ఇదంతా ప్రయోగశాల గొడవే అనుకుంటే పొరపాటు. సికిల్ సెల్ జబ్బునే చూడండి. ఆదిలాబాద్ గోండుల్లో, విశాఖ ఏజెన్సీలో, విదర్భ దళితుల్లో ఈ జబ్బు ఉంది. కడుపులో బిడ్డకి వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది, దానికి ఈ లోపం లేదు. పుట్టాక బి.సి.ఎల్.11.ఎ. అనే జన్యువు దాన్ని ఆపేస్తుంది. ఆ జన్యువుని ఎర్ర రక్తకణాల్లో నడిపించే మీట ప్రోటీన్ తయారు చెయ్యని ముక్కలోనే ఉందని 2013లో తేలింది. ఆ మీటని కత్తిరిస్తే పాత హిమోగ్లోబిన్ మళ్లీ వస్తుంది. ఈ వైద్యానికి 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతిచ్చాయి. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు.

మన దేశంలో 2023 జూలైలో సికిల్ సెల్ నిర్మూలన పథకం మొదలైంది. గడువు 2047. పరీక్షలు చేసి కార్డులివ్వడం మంచిదే. అయితే కార్డు దగ్గరే ఆగిపోతే జబ్బుమనిషికి ఇంకో ముద్ర మిగులుతుంది, అంతే. ‘చెత్త’ అన్న చోట మందు దొరికింది. ఆ మందు గోండు గూడేనికి చేరేదెప్పుడని అడగాల్సింది మనమే.