బడి గేటు దగ్గర అమ్మీ

నంద్యాల, ఆళ్లగడ్డల్లో మా చరిత్ర చెప్పమంటే కర్నూలు నవాబుల నుంచి మొదలెడతారు. 1839లో ఇంగ్లీషువాళ్లు ఆ గద్దె లాక్కున్నారు. గద్దె మొహమే చూడని మా అమ్మీల చరిత్ర ఎవరు రాశారు?

నన్ను ఆరో తరగతిలో చేర్చిన రోజు అమ్మీ బడి గేటు దగ్గరే ఆగిపోయింది. లోపలికి రమ్మన్నవాళ్లు లేరు. కాగితం మీద వేలిముద్ర మాత్రం అడిగారు.

తర్వాత చట్టాలొచ్చాయి. 1998లో రాష్ట్ర చట్టం తల్లిదండ్రులతో బడి కమిటీలు పెట్టింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రభుత్వ బడి కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలంది. మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలంది. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ సర్కారు బళ్లన్నిట్లో ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి.

కుర్చీ వచ్చింది. మరి మాట? దూదేకుల తల్లికి తెలుగే ఇంటి భాష. పక్కింటి అమ్మీది దక్కనీ. పుస్తకాల తెలుగులో నోటీసొస్తే ఇద్దరికీ అందదు. కూలికెళ్లే వేళ మీటింగు పెడితే ఇద్దరూ రాలేరు. పిల్లల చదువు పట్టదన్న నింద మాత్రం ఇద్దరికీ.

చదువుకున్న మనమే ఆమె పక్కన కూచోవాలి. ఆమె మాట ఆమె భాషలోనే చెప్పించి రాయించాలి. ఆ రోజు వేలిముద్ర వేసిన అమ్మీకీ చెప్పాల్సింది ఉండింది. ఎవరూ అడగలేదు.