కోరంటి అనే మాట

మా దాదీకి హైదరాబాద్‌లో మూడు దవాఖానాలే తెలుసు. అఫ్జల్‌గంజ్‌ది (ఉస్మానియాను చివరిదాకా అలాగే అనేది), చార్మినార్ పక్కన యునానీది, నల్లకుంట కోరంటి. మూడోదాని పేరు వస్తే గొంతు తగ్గించి "తౌబా" అనేది.

అబ్బా చెల్లెలు తొమ్మిదేళ్లకే జాడా బుఖార్‌తో పోయింది. చలిజ్వరం. రోజు విడిచి రోజు వచ్చేదట. మొదట పేష్ ఇమామ్ సాబ్‌తో దమ్ చేయించారు. తర్వాత తావీజు, జిందా తిలిస్మాత్ చుక్కలు, ఆ తర్వాత హకీమ్‌సాబ్. కోరంటికి తీసుకెళ్దామని దాదా అన్నరోజు దాదీ తలుపుకు అడ్డం నిలబడింది. "నక్కో జీ, వహాఁ గయే సో వాపస్ నై ఆతే" అందట. చివరికి తీసుకెళ్లేసరికి పిల్లకు స్పృహ లేదు.

చాలాకాలం దాదీ మీద నాకు గుస్సా ఉండేది. ఆ మాట పుట్టుక తెలిశాక తగ్గింది. క్వారంటైన్ మన నోళ్లలో నలిగి కోరంటి అయింది. అంటురోగాలవాళ్లను విడిగా ఉంచే చోటు. ఆ విడదీయడం ఎలా ఉండేదో 1897 పూణె చెబుతుంది. ప్లేగు పేరుతో సిపాయిలు ఇళ్లలో చొరబడి, ఆడవాళ్లను కూడా తనిఖీ చేసి, మనుషుల్ని క్యాంపులకు తరలించారు. ఆ కోపంలోనే జూన్‌లో చాపేకర్ సోదరులు ప్లేగు అధికారి రాండ్‌ను కాల్చారు. 1911లో ప్లేగు హైదరాబాద్‌కూ వచ్చింది. పర్దాలో పెరిగిన మనిషికి వార్డు అంటే వైద్యం కంటే ముందు బిడ్డను లాక్కునే చెయ్యి కనబడింది.

హకీమ్‌సాబ్ దగ్గర ఆ భయం లేదు. నబ్జ్ చూసేవాడు, ఇంట్లో అందరి ఖైరియత్ అడిగేవాడు. నుస్ఖా ఉర్దూలో రాసేవాడు, అబ్బా పైకి చదివితే దాదీ వినేది. దవాఖానా చీటీ ఇంగ్లీషులో. ఎవరు చదవాలి? 1846లో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లో తొలినాళ్లలో డాక్టరీ చదువు ఉర్దూలోనే సాగిందంటే మా పిల్లలు నమ్మరు.

హకీముల లెక్క వట్టిది కాదు. రోజు విడిచి రోజు వచ్చే బుఖార్‌కు సఫ్రా, రెండురోజులు విడిచి వచ్చేదానికి సౌదా కారణమనేవారు. రోజులు సరిగ్గానే లెక్కపెట్టారు, సబబు వేరు. నెత్తురులో పరాన్నజీవి నలభై ఎనిమిది గంటలకో, డెబ్భై రెండు గంటలకో ఎర్రకణాలను పగలగొట్టుకుని బయటికొస్తుంది. అప్పుడే వణుకు.

పూణెలో కాల్పులు జరిగిన రెండు నెలలకు, సికింద్రాబాద్ బేగంపేటలో రొనాల్డ్ రాస్ మలేరియా రోగి హుసేన్ ఖాన్‌ను దోమలతో కుట్టించాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా. ఆగస్టు 20న ఆ దోమ కడుపులోనే పరాన్నజీవి కనబడింది. 1902లో రాస్‌కు నోబెల్. హుసేన్ ఖాన్‌కు దక్కింది ఆ అణాలే. మన వీధిలో ఎవరి పేరో అనిపించే ఆ పేరు చదివినప్పుడల్లా నేను కాసేపు ఆగిపోతాను. దాదీ వెళ్లనివ్వని కోరంటికి ఇప్పుడు సర్కారు పెట్టిన పేరు కూడా రాస్‌దే. ఆటోవాళ్లు మాత్రం ఫీవర్ హాస్పిటల్ అంటారు, ముసలివాళ్లయితే కోరంటి.

పోయిన వానాకాలం మా ఖాలా మనవడికి డెంగీ. ఫోన్లలో మష్వరా నడిచింది. ఒకరు బొప్పాయి ఆకు రసం అన్నారు, ఒకరు బంగారం కుదువపెట్టి ప్రైవేటుకు అన్నారు. దమ్ అయితే ఎలాగూ చేయించారు, అందులో నాకేం అభ్యంతరం లేదు. దుఆకు క్యూ ఉండదు, డబ్బు కట్టక్కర్లేదు, డాక్టరుకు అడ్డం రాదు. అడ్డం వచ్చేది ఆలస్యం. రెండోరోజు సాయంత్రం నేను నల్లకుంట పేరెత్తాను.

అవతల అందరూ చుప్. అమ్మీ ఒక్కతే అడిగింది, "కోరంటియా? రాత్రి పక్కన ఉండనిస్తారా?"

ఉండనిస్తారన్నాను.

"అయితే నేనుంటా" అని జానమాజ్ మడిచి సంచిలో పెట్టుకుంది.