యజమాని లేని శవం: అమెరికా స్వతంత్ర కామిక్స్‌లో జాంబీ

చందమామలో విక్రమార్కుడి భుజం మీద వేలాడే శవాన్ని చూస్తూ పెరిగిన తెలుగు పాఠకుడికి లేచి కదిలే శవం కొత్త వింత కాదు. అయితే ఆ శవాన్ని ఆవహించిన భేతాళుడు కథ చెబుతాడు, చిక్కుప్రశ్న వేస్తాడు, రాజుకు మౌనభంగం కలగగానే మళ్లీ చెట్టెక్కుతాడు. అమెరికన్ కామిక్స్‌లో, అంటే బొమ్మల కథల పుస్తకాల్లో, మందలుగా నడిచే జాంబీకి మాటా లేదు, మనసూ లేదు, ఉన్నదల్లా ఆకలి. ఈ మూగ శవాన్ని పెద్ద ప్రచురణ సంస్థలు వెలివేసిన కాలంలో చేతిలో డబ్బులేని చిత్రకారులు ఎందుకు చేరదీశారో తెలుసుకోబోతే, బానిసత్వం నుంచి కాపీరైటు దాకా ఆ దేశ చరిత్రలో చాలా భాగాన్ని తడమవలసి వస్తుంది.

జాంబీ పుట్టినచోటు హైతీ. ఫ్రెంచివారి ఏలుబడిలో సాన్ డొమాంగ్ అనే పేరుతో ఉన్న ఆ కరీబియన్ వలసలో, ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చిన బానిసలు చెరకు తోటల్లో చాకిరీ చేస్తూ ప్రాణాలు విడిచేవారు. 1791లో మొదలైన వారి తిరుగుబాటు 1804లో స్వతంత్ర దేశాన్ని సాధించినప్పటికీ, బోకోర్ అనే మంత్రగాడు చనిపోయినవాడిని సమాధి నుంచి లేపి తెలివి లేని కూలీగా మార్చుకుంటాడన్న భయం అక్కడి జానపద విశ్వాసాల్లో నిలిచిపోయింది. హైతీ జాంబీ ఎవరినీ కరవదు. అక్కడివారు భయపడేది జాంబీకి కాదు, చచ్చాక తామే జాంబీలమవుతామేమోనని. చావుతో కూడా వెట్టి తీరదన్న బానిస పీడకల ఇది. 1915 నుంచి 1934 వరకు హైతీని ఆక్రమించిన అమెరికా సైన్యం తొలి సంవత్సరాల్లో అక్కడి రైతుల చేత రోడ్ల పనికి నిజంగానే వెట్టి చేయించింది. ఆ కాలంలోనే హైతీకి వెళ్లిన రచయిత విలియం సీబ్రూక్ 1929లో ప్రచురించిన పుస్తకంలో, ఒక అమెరికన్ చక్కెర కంపెనీ చెరకు తోటల్లో కూలికి వచ్చిన శవాల కథ ఉంది. దానిని చదివిన అమెరికన్లకు మంత్రమే కనబడింది గాని చెరకు తోట కనబడలేదు. 1932 నాటికి ‘వైట్ జాంబీ’ సినిమా వెండితెరకెక్కింది.

కామిక్స్ రంగంలో చాకిరీ మరో రూపంలో ఉండేది. సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షూస్టర్ అనే ఇద్దరు యువకులు 1938లో ఆ పాత్ర హక్కులను 130 డాలర్లకు ప్రచురణ సంస్థకు రాసిచ్చారు. గీసినవారికి కూలి, పాత్ర మీద హక్కు సంస్థకు అన్న పద్ధతే దశాబ్దాల తరబడి సాగింది. 1950లలో ఈసీ సంస్థ తెచ్చిన భయానక కథల పుస్తకాల్లో కుళ్లిన శవాలు తమను చంపినవారిపై పగ తీర్చుకునేవి. ఇటువంటి కథలే పిల్లలను నేరస్థులను చేస్తున్నాయని ఫ్రెడ్రిక్ వెర్థమ్ అనే మానసిక వైద్యుడు 1954లో వాదించగా, సెనెట్ ఉపసంఘం విచారణ జరిపింది. ప్రభుత్వం జోక్యం చేసుకుంటుందన్న భయంతో ప్రచురణకర్తలే అదే ఏడాది ‘కామిక్స్ కోడ్’ అనే నియమావళిని తమకు తాము విధించుకున్నారు. ఇది చట్టం కాకపోయినా, అట్ట మీద దాని ముద్ర లేని పుస్తకాన్ని పంపిణీదారులు అంగళ్లకు చేర్చేవారు కారు గనుక చట్టానికి మించి పనిచేసింది. నడిచే శవాలను అది పేరు పెట్టి మరీ నిషేధించింది. 1971లో నియమాలు సడలించి, సాహిత్య సంప్రదాయం ఉందన్న కారణంతో డ్రాక్యులా వంటి రక్తపిశాచాలను అనుమతించారు. వెనుక అటువంటి గ్రంథం ఏదీ లేని జాంబీ మాత్రం గడప బయటే ఉండిపోయింది. సాహిత్యానికి కులీనత ఆపాదించే ఈ తర్కం ఎంత హాస్యాస్పదమంటే, మార్వెల్ సంస్థ తన జాంబీలకు ‘జువెంబీ’ అని పేరు మార్చి ముద్ర సంపాదించుకుంది.

ఈలోగా 1968లో పిట్స్‌బర్గ్ నగరానికి చెందిన జార్జ్ రొమెరో, మిత్రులతో కలిసి కొద్దిపాటి పెట్టుబడితో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ అనే నలుపు తెలుపు సినిమా తీశాడు. మనుషులను తినే శవాల గుంపు, ఒక ఇంట్లో చిక్కుకున్న కొందరు, తెల్లవారాక రక్షకులుగా వచ్చినవారే నల్లజాతి కథానాయకుణ్ణి కాల్చి చంపడం ఇందులోని కథ. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన ఏడాదే విడుదలైన ఈ సినిమా ముగింపును అప్పటి ప్రేక్షకులు ఏ దృష్టితో చూసి ఉంటారో ఊహించవచ్చు. ఆనాటి చట్టం ప్రకారం ప్రతి ప్రతిపైనా కాపీరైటు ప్రకటన ఉండాలి. పంపిణీ సంస్థ సినిమా పేరు మార్చినప్పుడు కొత్త పేరుతోపాటు ఆ ప్రకటన వేయడం మరచిపోయింది. దానితో సినిమా ఎవరి సొత్తూ కాకుండా ప్రజల పరమైంది. రొమెరోకు ఇది తీరని నష్టమే, కాని గుంపుగా వచ్చి కండలు పీకే జాంబీ మీద మాత్రం ఇక ఎవరికీ పెత్తనం లేకపోయింది.

స్వతంత్ర కామిక్స్, అంటే కథ హక్కులను గీసినవారే అట్టిపెట్టుకుని సొంతంగా లేదా చిన్న సంస్థల ద్వారా వేసుకునే పుస్తకాలు, పుంజుకున్నది ఈ నేపథ్యంలోనే. 1970ల నుంచి ప్రత్యేక కామిక్స్ దుకాణాలు వెలిసి, కోడ్ ముద్ర లేని పుస్తకాలకు కూడా అమ్మకం దొరికింది; 1980ల ద్వితీయార్ధంలో మిషిగన్‌లోని ఒక చిన్న సంస్థ నుంచి ‘డెడ్‌వరల్డ్’ అనే జాంబీ కథావళి మొదలైంది. రంగుల ముద్రణకు డబ్బు చాలని కళాకారుడికి జాంబీ కలిసివచ్చిన పాత్ర: నెత్తురూ చీకటీ ఒకే నల్ల సిరాలో కుదురుతాయి, చేయి వంకర పోయినా శవానిదే గదా అని సరిపెట్టుకోవచ్చు. కష్టమంతా పుట అల్లికలో ఉంది. కుడిపుట చివరి గడిలో తలుపు సగం తెరిచి ఆపి, పుట తిప్పాకే లోపలిది చూపాలి. రెండు గడుల మధ్యనున్న తెల్లటి సందులో జరిగే హత్యను పాఠకుడి ఊహకే వదలాలి. సినిమాలో భయం దర్శకుడి వేగంతో వస్తుంది, కామిక్స్‌లో మాత్రం పుట తిప్పే వేలు పాఠకుడిదే కావడం వల్ల తన భయానికి తానే కొంత బాధ్యుడవుతాడు. ఈ కళను ఆస్వాదించడంలో అసలు రుచి ఇదే.

మార్వెల్‌ను వీడిన ప్రముఖ చిత్రకారులు 1992లో స్థాపించిన ఇమేజ్ సంస్థ, ముద్రణకు నిర్ణీత రుసుము తీసుకుని హక్కులను సృష్టికర్తలకే వదిలేసింది. రాబర్ట్ కిర్క్‌మన్ రాయగా, మొదట టోనీ మూర్, ఏడో సంచిక నుంచి చార్లీ ఆడ్లార్డ్ బొమ్మలు గీసిన ‘ది వాకింగ్ డెడ్’ 2003లో ఇక్కడే ప్రారంభమై, నలుపు తెలుపుల్లోనే 193 సంచికలు నడిచి, ముందస్తు ప్రకటన లేకుండా 2019లో ముగిసింది. 2010లో టీవీకెక్కిన ఆ కథ మూలరచయితను సంపన్నుణ్ణి చేసింది. అయితే రాబడిలో తన వాటా విషయమై మూర్ 2012లో దావా వేయడం, అది రాజీతో ముగియడం గమనిస్తే, స్వతంత్ర కామిక్స్‌లోనూ కూలి ఎవరిది, సొత్తు ఎవరిది అన్న పాత తగాదా తీరలేదని తెలుస్తుంది.

కోడ్ 2011లో పూర్తిగా అంతరించింది. దానిని అమలుచేసిన ప్రచురణకర్తల సంఘానికి తొలి అధ్యక్షుడు ఆర్చీ కామిక్స్‌కు చెందిన జాన్ గోల్డ్‌వాటర్. అదే ఆర్చీ సంస్థ 2013లో తన పాత్రలనే జాంబీలుగా మార్చి పుస్తకాలు అమ్ముకుంది. జాంబీ మన దాకా కూడా వచ్చింది: రాయలసీమ ఫ్యాక్షన్ నేపథ్యంతో 2021లో తెలుగులో ‘జాంబీ రెడ్డి’ సినిమా వచ్చింది. ‘ది వాకింగ్ డెడ్’ పాత్రలను వాడుకోవాలంటే అనుమతి కావాలి గాని, జాంబీని వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఊళ్లో బొమ్మలు గీసే పిల్లలుంటే, ఒక్క తెల్లకాగితాన్ని ఎనిమిది పుటలుగా మడిచి, నల్ల సిరాతో గీసి, జిరాక్స్ షాపులో పాతిక ప్రతులు తీయించి, స్నేహితులకు అమ్మిచూడమని వారికి చెప్పండి.